ఆఫీసు సూటు: అపోహలు, వాస్తవాలు (ఒక టైలర్ మాట)

పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం, షట్టర్ సగం దించాక ఒక కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఊరు ఒంగోలు దగ్గర. చెన్నై గిండీలో ఏదో ఆడిట్ ఆఫీసులో సోమవారం జాయినింగట. "మాస్టారూ, సూటు కొన్నాను గానీ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది, కొంచెం చూడండి" అన్నాడు. వేసుకోమన్నాను. ఎడమచేతి అంచు మీద కంపెనీ పేరున్న గుడ్డముక్క అలాగే ఉంది. వెనక చీలిక మీద తెల్లదారంతో వేసిన ఇంటూ గుర్తు కుట్టూ అలాగే ఉంది. షాపులో వేలాడుతున్నంతకాలం కోటు రూపు చెదరకుండా ఉండటానికి వేసే కుట్టు అది. ఇంటికి తెచ్చాక తెంపెయ్యాలి. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చిన్న కత్తెరతో రెండూ తీసేసరికి రెండు నిమిషాలు పట్టింది. అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని "ఇంతేనా!" అన్నాడు. ఇంతే కాదు, చేతులు ముప్పావు అంగుళం పొడవున్నాయి. అది ఇంకో గంట పని.

మాది చెన్నైలో కోడంబాక్కం. సినిమాలకు బట్టలు కుట్టే పని మీద నాన్న నెల్లూరు నుంచి వచ్చారు. తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్లిపోయింది, మా మిషన్లు ఇక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో బ్యాంకులు, ఆడిట్ ఆఫీసులు, ఓఎమ్ఆర్ రోడ్డు ఐటీ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది. రోజూ వాళ్ల నోట వినే మాటలే ఇవి.

అపోహ: నల్ల సూటు ఒక్కటి ఉంటే అన్నిటికీ పనికొస్తుంది.

పొద్దున పదింటికి హైకోర్టు దగ్గర, ప్యారిస్ కార్నర్‌లో నిలబడి చూడండి. ఈ ఊళ్లో నల్లకోటు ఎవరిదో తెలుస్తుంది. లాయర్ల సంగతి పక్కన పెట్టినా, పగటిపూట ఆఫీసుకి నలుపు మొదటి ఎంపిక కాదు. అది సాయంత్రం విందులకో, విషాద సందర్భాలకో వాడే రంగుగా వచ్చింది. ట్యూబులైటు కింద మొహాన్ని కూడా కాస్త పాలిపోయినట్టు చూపిస్తుంది. ఒక్కటే సూటు కుట్టించుకునేవాళ్లు ముదురు నీలం తీసుకోండి, లేకపోతే బొగ్గు బూడిద రంగు. గళ్లు, గీతలు లేకుండా, రెండు గుండీలు, మామూలు లేపెల్ (కాలరు కింద ఛాతీ మీదికి మడిచి ఉండే భాగం). ఎవరూ తిరిగి చూడకపోవడమే ఈ రకం బట్టల గొప్ప. మీటింగ్ అయ్యాక మీరు చెప్పిన లెక్క గుర్తుండాలి గానీ కోటు కాదు.

అపోహ: 'సూపర్ 150' అని రాసుంటే ఖరీదైన గుడ్డ, ఎక్కువ కాలం మన్నుతుంది.

ఈ ఒక్కదాని మీద నేను రోజంతా మాట్లాడగలను. ఆ అంకె ఉన్ని పోగు ఎంత సన్నగా ఉందో చెబుతుంది, అంతే. సూపర్ 100 అంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లు మించకూడదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 120కి 17.75, 150కి 16.25. పోగు సన్నబడేకొద్దీ గుడ్డ మెత్తగా జారుతుంది, నిజమే. దాంతోపాటు ముడతలూ తొందరగా పడతాయి, అరుగుదలా ఎక్కువే. రోజూ బస్సులోనో బైకు మీదో వెళ్లేవాడికి 150 కంటే 100, 110 మేలు.

అసలు తమాషా ఇంకోటి ఉంది. ఆ అంకె ఉన్ని గుడ్డకు మాత్రమే వర్తిస్తుంది. బట్టల కొట్లుండే గోడౌన్ స్ట్రీట్‌లో, బట్ట తాను అంచు మీద బంగారు రంగులో 'సూపర్ 150' అని నేసి ఉన్న పాలిస్టర్-విస్కోస్ గుడ్డ ఎన్నిసార్లు చూశానో! అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డ పాపమేం కాదు, చౌక, ఉతుక్కోవచ్చు కూడా. కానీ ఉన్ని ధర పెట్టి కొనకండి.

అపోహ: ఫిట్టింగ్ అంటే ఒంటికి అతుక్కోవాలి.

ఇది సినిమాల చలవ. తెరమీద హీరో కోటుకి వెనకాల క్లిప్పులు పెట్టి లాగి ఉంటారు, కెమెరాకి వీపు కనబడదు. మా నాన్నే పెట్టేవారు. ఆఫీసులో మీరు కూర్చోవాలి, లేవాలి, చెయ్యి చాపి ఫైలు అందుకోవాలి.

నేను మొదట చూసేది భుజం. గోడ పక్కకు వెళ్లి నిలబడండి. మీ చెయ్యి తగిలేలోపే భుజం ప్యాడ్ గోడకు తగిలితే కోటు పెద్దది. భుజం కింద చెయ్యి దగ్గర గుంట పడి గుడ్డ లాగుతుంటే చిన్నది. రెండింట్లో ఏదైనా సరే, అక్కడే హ్యాంగర్‌కి తగిలించేసి వచ్చెయ్యండి. భుజం సరిచెయ్యాలంటే కోటు సగం విప్పాలి. ఆ ఖర్చుకి మళ్లీ ఇంకో కోటు చూసుకోవచ్చు. పొడవు కూడా అంతే. కింద కత్తిరిస్తే జేబులు అంచుకి దగ్గరైపోయి కోటు పిల్లాడిదిలా కనిపిస్తుంది.

మిగతావన్నీ చేతిలో పనే. నడుము ఒకటి, ఒకటిన్నర అంగుళం తగ్గించొచ్చు. పెంచడం మాత్రం లోపల మడతలో గుడ్డ వదిలి ఉంటేనే. చేతులు తగ్గించొచ్చు, అయితే అంచు దగ్గర నిజం కాజాలు కోసి ఉంటే కష్టం. చెయ్యి కిందికి వదిలినప్పుడు చొక్కా అంచు అర అంగుళం బయటికి కనిపించాలి. వెనక మెడ దగ్గర చొక్కా కాలరూ అంతే. ఒక గుండీ పెట్టుకుంటే బొడ్డు దగ్గర ఎక్స్ ఆకారంలో ముడతలు వస్తున్నాయంటే బిగుతన్నమాట. అన్నట్టు, కింది గుండీ ఎప్పుడూ పెట్టకండి, కోటు కత్తిరించడమే దాన్ని వదిలేస్తారని లెక్కవేసి కత్తిరిస్తాం.

చేతిలో పదిహేను వేలుంటే పన్నెండుకి కొని, మిగతాది ఆల్టరేషన్‌కి ఉంచుకోండి. నా వ్యాపారం కోసం చెబుతున్నాననుకున్నా సరే.

అపోహ: చెన్నై ఉక్కలో సూటు వేసుకుంటే చచ్చిపోతాం.

చంపేది ఉన్ని కాదు, చాలాసార్లు లోపలి లైనింగు. పాలిస్టర్ లైనింగు కోటంతా వేస్తే ప్లాస్టిక్ సంచి తొడుక్కున్నట్టే. చదరపు మీటరుకి 230-260 గ్రాముల బరువున్న సాదా నేత ఉన్ని తీసుకుని, వీపు సగం వరకే విస్కోస్ లైనింగు వేయించండి. గాలి ఆడుతుంది. లినెన్ చల్లగానే ఉంటుంది, కానీ పదకొండింటికల్లా నలిగిన కాగితంలా అవుతుంది. బోర్డు మీటింగుకి వద్దు. తెల్లచొక్కా కింద తెల్ల బనియను వేస్తే గీతలు బయటికి కనిపిస్తాయి. ఒంటిరంగుకి దగ్గరగా ఉన్నది వేస్తే కనబడదు.

చిన్నచిన్నవి గబగబా చెప్పేస్తాను. పొట్టి చేతుల చొక్కా మీద కోటు వద్దు. మొదటి చొక్కా తెల్లది, రెండోది లేత నీలం. టై కొన బెల్టు బకిల్‌ని తాకాలి, నాభి దగ్గర ఆగితే స్కూలు పిల్లాడు గుర్తొస్తాడు. బెల్టు, బూట్లు ఒకే రంగు. సాక్సు మాత్రం ప్యాంటు రంగులో ఉండాలి, కూర్చున్నప్పుడు పిక్క కనబడనంత పొడవుండాలి. లేసులున్న నల్లతోలు బూట్లు ఒక జత చాలు.

అపోహ: ఫార్మల్ అంటే సూటే.

2014లో ఇదే ఊళ్లో, పంచె కట్టుకొచ్చారని ఒక హైకోర్టు న్యాయమూర్తిని క్లబ్బులోకి రానివ్వలేదు. పెద్ద గొడవై, అలా అడ్డుకోకూడదని ఆ ఏడాదే శాసనసభ చట్టం చేసింది. క్లబ్బు మాట అలా తేలింది గానీ, ఆఫీసుకి ఏది సరిపోతుందో ఆ ఆఫీసువాళ్లనే ముందు అడగండి. సూటు వద్దనుకుంటే మెడ దాకా గుండీలుండే ముదురు రంగు బంద్‌గలా కోటు హుందాగా ఉంటుంది, టై గొడవ కూడా లేదు.

అపోహ: వేసుకున్న ప్రతిసారీ డ్రైక్లీనింగ్‌కి ఇవ్వాలి.

వద్దు బాబూ. మాటిమాటికీ ఇస్తే గుడ్డ జీవం పోతుంది. చవక కోట్లలో ముందుభాగం లోపల బక్రం (కోటు బిర్రుగా నిలబడటానికి వేసే గట్టి గుడ్డ) జిగురుతో అతికించి ఉంటుంది, అది ఊడి ఛాతీ మీద బుడగలు లేస్తాయి. ఒకసారి లేచాయంటే నేనూ ఏం చెయ్యలేను. మరక పడితేనో, వాసన వస్తేనో ఇవ్వండి. మామూలు రోజుల్లో ఇంటికి రాగానే వెడల్పాటి చెక్క హ్యాంగర్‌కి తగిలించి, బ్రష్‌తో దుమ్ము దులిపి, ఒక రోజు గాలికి వదిలెయ్యండి. బీరువాలో పెట్టేటప్పుడు లాండ్రీ వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు తీసెయ్యండి, మన సముద్రపు తేమకి లోపల బూజు పడుతుంది. పాత కాటన్ పంచె ముక్క కప్పితే చాలు. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందే బయటికి తియ్యండి. నాఫ్తలీన్ ఉండల వాసన మీకంటే ముందే గదిలోకి వెళ్తుంది.