వాల్కో గొడవ: అసలు మలుపు 2018లోనే తిరిగింది

కూపర్టినోలో మూతపడిన వాల్కో మాల్ స్థలం గురించి మన హనుమకొండ, కాజీపేట గ్రూపుల్లో మళ్లీ రచ్చ మొదలైంది. కొడుకులూ కోడళ్లూ అక్కడ, తల్లిదండ్రులు ఇక్కడ, కాబట్టి కాలిఫోర్నియాలో పంచాయితీ లేస్తే నక్కలగుట్టలో చాయ్ దగ్గర తీర్పులు చెప్తుంటారు. ఇళ్లు కట్టనివ్వకపోతే మా పిల్లలు ఎక్కడుండాలని ఒకరు, లక్షల డాలర్లు అప్పు చేసి కొన్న ఇంటి పక్కన టవర్లు లేపితే ఊరుకోవాలా అని ఇంకొకరు. ఇద్దరూ మనవాళ్లే, కొన్ని ఇళ్లల్లో అన్నదమ్ములే. నేపథ్యం రాయండి, రేపటికల్లా కావాలి అన్నారు కాబట్టి 1976లో ఆ మాల్ ఎంత గొప్పగా తెరుచుకుంది, ఎన్ని చేతులు మారింది, ఆన్‌లైన్ షాపింగ్ వచ్చాక ఎలా వెలవెలబోయింది అనే కథ వదిలేస్తున్నా. అది అమెరికాలో వందల మాల్‌ల కథ, అందరూ విన్నదే.

తెలియాల్సింది ఇంతే. వోల్ఫ్ రోడ్డు, స్టీవెన్స్ క్రీక్ బులవార్డ్ కలిసేచోట దాదాపు 50 ఎకరాలు. మన దగ్గర మాల్ అంటే రోడ్డుకు ఆనుకొని నాలుగైదు అంతస్తులు, కింద సెల్లారు. అక్కడ మధ్యలో బిల్డింగు, చుట్టూ ఎకరాలకెకరాలు పార్కింగ్, ఇంటి నుంచి కారు తీయకుండా అందులో అడుగుపెట్టలేరు. మాల్‌లోని పెద్ద దుకాణాలు మేసీస్, సియర్స్, జేసీ పెన్నీ మూడూ 2015-16లో సర్దుకొని వెళ్లిపోయాయి. శాండ్ హిల్ ప్రాపర్టీ అనే కంపెనీ 2014లోనే స్థలం కొనేసింది. దాని ఆలోచన: మాల్ కూలగొట్టి వీధులు వేద్దాం, కింద దుకాణాలు, పైన ఇళ్లు, పక్కనే ఆఫీసులు, అన్నింటి పైకప్పుల మీదా 30 ఎకరాల పార్కు. కారు అక్కర్లేని పేట అన్నమాట. 280 ఫ్రీవే అవతలే యాపిల్ పార్క్, అంటే యాపిల్ ప్రధాన కార్యాలయం, వేలమంది పనిచేసే చోటు. ఇంతకంటే సరైన జాగా ఎక్కడ దొరుకుతుందని వాళ్ల వాదన.

నన్నడిగితే ఈ కథంతా 2018 మార్చిలో తిరిగింది. ముందు జరిగినవి దానికి దారితీసినవి, తర్వాత జరిగినవి దాని పర్యవసానాలు.

ఆ నెలలో కంపెనీ సిటీ హాల్లో ఒక దరఖాస్తు పెట్టింది. 2,402 ఇళ్లు, అందులో సగం, అంటే 1,201, మార్కెట్ రేటు కంటే తక్కువకు ఇచ్చేవి. 18 లక్షల చదరపు అడుగుల ఆఫీసులు, 4 లక్షల చదరపు అడుగుల దుకాణాలు. కొన్ని టవర్లు ఇరవై అంతస్తులకు పైమాటే. మామూలుగా అయితే ఇలాంటి దరఖాస్తు మీద ఏళ్లకేళ్లు బహిరంగ విచారణలు, పర్యావరణ నివేదికలు, కౌన్సిల్ ఓటింగులు నడవాలి. ఇక్కడ అవేవీ లేవు. ఎందుకంటే అది ఎస్‌బీ 35 అనే రాష్ట్ర చట్టం కింద వచ్చింది. రాష్ట్ర సెనెటర్ స్కాట్ వీనర్ తెచ్చిన ఆ చట్టం మీద గవర్నర్ జెర్రీ బ్రౌన్ 2017 సెప్టెంబరులో సంతకం చేశాడు, 2018 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. రాష్ట్రం చెప్పినన్ని ఇళ్లకు దారివ్వని ఊళ్లో ఎవరైనా రాసిపెట్టిన నిబంధనలన్నీ పాటిస్తూ ప్లాన్ పెడితే, అధికారులు కాగితాలు సరిచూసి ఆమోదించాల్సిందే. 'మాకు నచ్చలేదు' అనే మాటకు చోటు లేదు. తప్పులుంటే 90 రోజుల్లో చెప్పాలి, 180 రోజుల్లో మొత్తం తేల్చాలి. గడువులోగా తప్పు చూపకపోతే ప్లాన్ సరిగ్గా ఉన్నట్టే లెక్క.

తెలంగాణలో భవన అనుమతుల పద్ధతి టీఎస్ బీపాస్ కింద ఇల్లు కట్టినవాళ్లకు ఈ వరస కొత్తేం కాదు. 2020 చట్టం ప్రకారం మన దగ్గర 600 గజాలు దాటిన ప్లాట్లకు 21 రోజుల్లో అవునో కాదో చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే. టేబుల్ మీది ఫైలు కదలడానికి తిరిగి తిరిగి చెప్పులు అరగ్గొట్టుకున్నవాళ్లు ఆ గడువు విలువ చెప్తారు. కూపర్టినోలో మాత్రం అది ఒక ఇంటికి కాదు, 50 ఎకరాలకు వర్తించింది.

మరి ఆ ఊరు దీనికి ఎలా దొరికిపోయింది? దానికి వెనక్కి వెళ్లాలి.

కాలిఫోర్నియాలో ప్రతి ఊరికీ ఎనిమిదేళ్లకోసారి ఇన్ని ఇళ్లకు జాగా చూపించాలని లెక్క ఇస్తారు. కూపర్టినోకు అప్పుడు వచ్చిన లెక్క 1,064. అరవై వేల జనాభా, ప్రపంచంలోనే పెద్ద కంపెనీ ఒకటి ఊళ్లో పెట్టుకున్న పట్టణం అది. అందులో 389 ఇళ్లను వాల్కోలో చూపిస్తూ 2014 డిసెంబరులో కౌన్సిల్ ప్లాన్ మార్చింది. అక్కడ ఏం కట్టాలి, ఎంత ఎత్తు కట్టాలి అనేది విడిగా ఒక ప్లాన్ రాసి తేలుద్దాం, 2018 మే దాకా టైముంది కదా అనుకున్నారు. ఎత్తు రాయాల్సిన గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీ గడిని గుర్తుపెట్టుకోండి.

2016 నవంబరులో రెండు ప్రతిపాదనలు ఓటుకొచ్చాయి. మెజర్ డి కంపెనీది, తన ప్లాన్‌కు నేరుగా ప్రజల దగ్గరే ఒప్పుకోలు తీసుకుందామని. మెజర్ సి వ్యతిరేకులది: వాల్కోలో దుకాణాలు, హోటళ్లు, వినోదం తప్ప ఇళ్లూ ఆఫీసులూ వద్దు, ప్రధాన రోడ్ల వెంట ఎత్తు 45 అడుగులు దాటొద్దు. ఓటర్లు రెండింటినీ ఓడించారు. ఇదీ వద్దు, అదీ వద్దు. మరి ఏం కావాలి అనేది ఎవరూ రాయలేదు. ప్లాన్ కుదరలేదు, గడి నిండలేదు, ఏడాది తిరక్కుండా ఎస్‌బీ 35 వచ్చి పడింది. రాసి ఉన్న నిబంధన మాత్రమే చెల్లుతుందని చట్టం అంటే, ఎత్తు మీద నిబంధనే రాసి లేదు. 45 అడుగుల కోసం పోరాడిన వాళ్లకు ఇరవై అంతస్తులు ఎదురయ్యాయి.

వద్దన్నవాళ్ల మాటలో పస లేదనను. 18 లక్షల చదరపు అడుగుల ఆఫీసుల్లోకి వేలమంది ఉద్యోగులు వస్తారు, కట్టేది 2,402 ఇళ్లు, అంటే ఇళ్ల కొరత తీరే మాట అటుంచి పెరుగుతుంది అన్నారు, ఆ లెక్క తప్పు కాదు. వోల్ఫ్ రోడ్డు ఇప్పటికే పొద్దున కదలదు అన్నారు, అదీ నిజమే. స్కూళ్లు నిండిపోతాయి అనేది మనవాళ్లలో బాగా వినిపించే మాట, ఎందుకంటే చాలామంది ఆ ఊళ్లో ఇల్లు కొన్నదే స్కూళ్ల కోసం. కానీ పిల్లలు తగ్గిపోయి 2022లో అక్కడ కొన్ని ఎలిమెంటరీ స్కూళ్లు మూసేశారు. ఇళ్ల ధరలకు చిన్నపిల్లలున్న కుటుంబాలు ఆ ఊళ్లోకి రాలేకపోతే స్కూలు ఎవరితో నిండుతుంది?

రెండో వైపు మాటకు వద్దాం. అద్దె కడుతూ, వీసా స్టాంపింగ్ టెన్షన్‌తో, గంట దూరం నుంచి డ్రైవ్ చేసుకొని వచ్చే కుర్రాళ్లది ఒక బాధ. ఎవరూ పట్టించుకోని బాధ ఇంకొకటుంది, విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మానాన్నలది. సుబేదారిలో పొద్దున్నే సంచి పట్టుకొని కుమార్‌పల్లి మార్కెట్‌కు నడిచి వెళ్లి, వంకాయ బేరం చేసి, దారిలో నలుగురితో మాట్లాడి వచ్చే మనిషి, అక్కడ ఆరు నెలలు కిటికీ దగ్గర కూర్చుంటుంది. కొత్తిమీర కట్ట కావాలన్నా కొడుకు ఆఫీసు నుంచి రావాల్సిందే. 'అమ్మా, శనివారం తీసుకుపోతా' అంటాడు. 'నడిచిపోయి తెచ్చుకుంటా గదరా' అంటే నవ్వుతాడు, ఆరు లేన్ల రోడ్డు ఎట్లా దాటుతావు అని. తిరిగొచ్చిన వాళ్లను అడగండి, ఊరు బాగుంది గానీ కాళ్లు కట్టేసినట్టుంది అంటారు. ఆ రోడ్ల వెంట ఫుట్‌పాత్ లేక కాదు, నడిచి చేరడానికి దగ్గర్లో ఏమీ లేక.

కింద దుకాణం, పైన ఇల్లు అంటే అక్కడ కొత్త డిజైన్ పేరుతో బ్రోచర్లు వేస్తున్నారు. వరంగల్ బట్టల బజార్‌లో అది పాత అలవాటు. రెండు దుకాణాల మధ్య మనిషి ఒక్కడే పట్టే మెట్లు, పైన వసారాలో ఆరేసిన బట్టలు, మధ్యాహ్నం షట్టర్ సగం దించి భోజనానికి పైకెక్కే సేటు. ఇబ్బందులు లేవని కాదు, ఫైరింజను రాలేని సందులున్నాయి, డ్రైనేజీ కథ చెప్పక్కర్లేదు. అయినా ముసలివాళ్లు ఎవరి సాయం లేకుండా బయటికెళ్లి రాగలిగే చోటు అది. ఆ బజారు నుంచి వెళ్లినవాళ్లే కొందరు అక్కడ 'మిక్స్‌డ్ యూజ్' అంటే ముఖం చిట్లిస్తున్నారంటే కాస్త విడ్డూరమే.

అసలు మాల్ డిజైన్ చేసినాయన కూడా దాన్ని పేటలాగే ఊహించాడు. వియన్నా నుంచి వచ్చిన విక్టర్ గ్రూయెన్, 1956లో మినియాపొలిస్ దగ్గర సౌత్‌డేల్ కట్టినప్పుడు చుట్టూ ఇళ్లు, స్కూలు, ఆస్పత్రి అన్నీ గీశాడు. కట్టింది మాల్, చుట్టూ వచ్చింది పార్కింగ్. చివరికి ఆయనే తన పేరుతో ఆ మాల్‌లను ముడిపెట్టొద్దన్నాడు. అందుకే ఇప్పుడు జరుగుతున్నది కొత్త ప్రయోగం అనడం నాకు నచ్చదు. కొలరాడోలోని లేక్‌వుడ్‌లో 2001లో మూతపడ్డ విల్లా ఇటాలియా మాల్‌ను తీసేసి 104 ఎకరాల్లో వీధులు వేసి బెల్మార్ అనే పేట కట్టారు, 2004లోనే మొదటి భాగం తెరిచారు. అక్కడ సిటీయే ముందు నిలబడి పట్టాలెక్కించింది. కూపర్టినోలో సిటీ రెండు పడవల్లో కాళ్లు పెట్టింది.

2018 సెప్టెంబరుకు రండి. అదే నెలలో రెండు ఆమోదాలొచ్చాయి. ఒకటి ఎస్‌బీ 35 ప్లాన్‌కు, చట్టం ప్రకారం తప్పనిసరిగా. రెండోది అదే స్థలానికి కౌన్సిల్ తనకు తానుగా రాసుకున్న టౌన్ సెంటర్ ప్లాన్, కంపెనీతో బేరమాడి ఊరికి కొన్ని సౌకర్యాలు రాబట్టుకునే వీలున్నది. అక్టోబరులో మాల్ కూలగొట్టడం మొదలైంది. నవంబరులో ఎన్నికలు, కౌన్సిల్‌లో మెజారిటీ మారింది. వ్యతిరేకులు రెండో ప్లాన్ మీద సంతకాలు సేకరించారు, 2019లో కొత్త కౌన్సిల్ దాన్ని రద్దు చేసింది. గెలిచామనుకున్నారు. కానీ రద్దయింది ఊరి చేతిలో ఉన్న ప్లాన్, మిగిలింది ఊరి చేతిలో లేని ప్లాన్. దానిమీద కోర్టుకు వెళ్తే 2020 మేలో కౌంటీ కోర్టు ఆమోదం చెల్లుతుందని చెప్పింది. ఆ తర్వాత నేలలో కలుషితాలు బయటపడి, శుభ్రం చేయడం మీద ఇంకొన్నేళ్లు గడిచాయి.

ఇక్కడొక ప్రశ్న వస్తుంది: జనం వద్దంటే వద్దే కదా, 2022లో మన దగ్గర కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ల్యాండ్ పూలింగ్‌ను జనమే ఆపలేదా అని. ఆపారు. జీవో 80ఏ కింద 27 గ్రామాల్లో 21,510 ఎకరాలన్నప్పుడు రైతులు రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కానీ వాళ్లు కాపాడుకున్నది తాము దున్నుకునే భూమి. వాల్కోలో ఓటేసినవాళ్లది ఆ స్థలం కాదు, అక్కడ ఉండాల్సినవాళ్లకు ఆ ఊళ్లో ఓటే లేదు, ఇంకా ఆ ఊరికి రాలేదు కాబట్టి. రెండింటినీ ఒక గాటన కట్టలేం.

ఇప్పటి గొడవ 2024 మార్పుల చుట్టూ తిరుగుతోంది. ప్రాజెక్టు పేరు ది రైజ్. కొత్త ప్లాన్‌లో ఇళ్లు 2,669కి పెరిగాయి, తక్కువ ధరవి మాత్రం 1,201 నుంచి 890కి తగ్గాయి. సగం పోయి మూడో వంతు అయింది. ఆఫీసులు తగ్గలేదు, దుకాణాల జాగా దాదాపు సగమైంది. మరోవైపు రాష్ట్రం ఊరికిచ్చిన కొత్త లెక్క 4,588 ఇళ్లు, కాబట్టి వాల్కోను వదులుకుంటే అన్ని ఇళ్లు ఎక్కడ చూపించాలో కూపర్టినో దగ్గర జవాబు లేదు, అది కంపెనీకీ తెలుసు. ఇళ్లు కావాలన్నవాళ్లకు ఈసారి కోపం రావాల్సింది కంపెనీ మీద, వస్తున్నది ఎదురింటివాళ్ల మీద. 2016లో బేరమాడి ఉంటే ఎత్తు, దుకాణాలు, తక్కువ ధర ఇళ్లు అన్నీ ఒప్పందంలో రాయించుకునే వీలుండేది. ఇప్పుడు కంపెనీ మార్చి పట్టుకొచ్చిన కాగితాన్ని సరిచూడటమే సిటీ పని, అందులో దుకాణాలు తగ్గితే నడిచి వెళ్లడానికి అక్కడ ఏముంటుందని అడిగే గడి ఆ ఫారంలో లేదు.