నికోలా దోబ్రోవిచ్, బెల్‌గ్రేడ్ సైనిక భవనం: అపోహలు - వాస్తవాలు

నేను ఆర్కిటెక్ట్‌ని. మోడర్నిజం, అంటే అలంకారాలు వదిలేసిన ఇరవయ్యో శతాబ్దపు నిర్మాణ శైలి, అనగానే మనవాళ్లకు చండీగఢ్ గుర్తొస్తుంది. సెర్బియన్ ఆర్కిటెక్ట్ నికోలా దోబ్రోవిచ్ (1897–1967) పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తినా, సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఆయన డిజైన్ చేసిన సైనిక ప్రధాన కార్యాలయం ‘గెనెరల్‌ష్టాబ్’ గురించి సగం తెలిసిన మాటలే వినిపిస్తాయి. నాకు చాలా ఇష్టమైన కట్టడం కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అపోహ: ఆయన కమ్యూనిస్టు ప్రభుత్వం తయారుచేసిన ఆర్కిటెక్ట్.

వాస్తవం: రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికే ఆయనకు 48 ఏళ్లు. పుట్టింది హంగరీలోని పేచ్‌లో, చదివింది బుడాపెస్ట్, ప్రాగ్‌లలో. ప్రాగ్‌లో చాలాకాలం పనిచేసి 1934లో ఇప్పటి క్రొయేషియాలోని తీరనగరం దుబ్రోవ్నిక్ వెళ్లారు. దానికి దగ్గర్లోని లోపుద్ దీవిలో ఆయన డిజైన్ చేసిన గ్రాండ్ హోటల్ 1936లో పూర్తయింది. కాంక్రీటు కట్టడం, చదును కప్పు. అదంతా సెర్బియా, క్రొయేషియాలు కలిసి ఉన్న యుగోస్లావియాలో రాజరికం నడుస్తున్నప్పటి పని. యుద్ధంలో పార్టిజాన్లతో (నాజీ ఆక్రమణపై పోరాడిన కమ్యూనిస్టు గెరిల్లాలతో) కలిశారు, ఆ తర్వాత ‘కొత్త బెల్‌గ్రేడ్’ అనే కొత్త నగరభాగం ప్లానింగ్‌లో పాలుపంచుకున్నారు, పాఠాలు చెప్పారు.

అపోహ: మోడర్నిజం అంటే జీవం లేని కాంక్రీటు డబ్బా.

వాస్తవం: 1955–65 మధ్య కట్టిన గెనెరల్‌ష్టాబ్ గోడల్ని దగ్గర్నుంచి చూడాలి. కొసెరిచ్ ప్రాంతం నుంచి తెచ్చిన ఎర్రటి గరుకు రాయి, దాని మీదుగా అడ్డంగా సాగే తెల్లటి పాలరాతి పట్టీలు. ఆ పాలరాయి క్రొయేషియాలోని బ్రాచ్ దీవిది. గరుకు రాతి మీద నీడ పడి గోడ బరువుగా కనిపిస్తుంది. తెల్లటి పట్టీ ఆ బరువును తేలిక చేస్తుంది. చెక్కిన శిల్పం ఒక్కటీ లేకుండా, రెండు రాళ్లతోనే ఇదంతా సాధించారు.

అపోహ: ఆ భవనం సుత్యెస్కా లోయకు నకలు, అంతే.

వాస్తవం: నెమాన్యినా వీధికి అటొకటి ఇటొకటి రెండు బ్లాకులు, రెండూ మెట్లుమెట్లుగా వీధి వైపు దిగుతాయి. 1943లో పార్టిజాన్లు జర్మన్ సేనలతో పోరాడిన బోస్నియాలోని సుత్యెస్కా లోయ ఎవరికైనా గుర్తొస్తుంది. ఆ పోలికను కాదనక్కర్లేదు. కానీ అక్కడే ఆగితే అసలు సంగతి జారిపోతుంది. దోబ్రోవిచ్ 1960లో రాసిన వ్యాసంలో ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ ఆలోచనల ఆధారంగా, కదలికలో ఉన్న స్థలం గురించి వివరించారు. అంటే ఆయన రెండు భవనాలతో పాటు వాటి మధ్య ఖాళీని కూడా డిజైన్ చేశారు. వీధిలో నడుస్తుంటే అంతస్తులు ఒక్కోటీ వెనక్కి జరుగుతూ ఆకాశం విచ్చుకుంటుంది. మా దగ్గరికొచ్చే క్లయింట్లు “ఇంత జాగా ఊరికే వదిలేస్తారా, దండగ కదండీ” అంటారు. వాళ్లకు నేను ముందు చూపించే ఫోటో ఇదే.

అపోహ: బాంబులు పడ్డాక మిగిలింది శిథిలమే, కూల్చేస్తే పోయేదేముంది?

వాస్తవం: 1999లో నాటో బాంబులు పడ్డాయి, స్లాబులు విరిగి వేలాడాయి. ఆ స్థితిలో ఉన్న కట్టడాన్నే 2005లో సాంస్కృతిక స్మారకంగా ప్రకటించారు. దెబ్బతిన్నదని తెలిసే రక్షణ ఇచ్చారన్నమాట. 2024 నవంబరులో ప్రభుత్వం ఆ హోదాను తీసేసింది. ఇది తప్పని నా గట్టి అభిప్రాయం. విరిగిన స్లాబును మళ్లీ పోయొచ్చు, ఊడిన రాయిని మళ్లీ అతికించొచ్చు. వీధికి ఒక పక్క బ్లాకును కూల్చి అక్కడ టవర్ లేపితే మాత్రం, రెండో పక్కను ఎంత శ్రద్ధగా బాగుచేసినా ఆ మధ్య ఖాళీ తిరిగి రాదు.