పిత్తాశయ రాళ్లు: ప్రాణం మీదికి వచ్చేది ఎప్పుడు?

1987 ఫిబ్రవరి 22 ఉదయం న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో చిత్రకారుడు ఆండీ వార్హోల్ చనిపోయాడు. వయసు 58. ముందు రోజే పిత్తాశయం, అంటే కాలేయం కింద పైత్యరసం నిల్వ ఉండే చిన్న సంచి, తీసేశారు. గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కే మనిషి పోతాడా అని అందరూ నోరెళ్లబెట్టారు. ఆసుపత్రి మీద కేసు కూడా పడింది. అయితే వార్హోల్ వైద్య వివరాలను తర్వాత తిరగేసిన సర్జన్ జాన్ ర్యాన్ మాత్రం అది మామూలు ఆపరేషన్ కాదన్నాడు. వార్హోల్‌కు పిత్తాశయం బాధ ఏళ్ల నాటిది. 1968లో తుపాకీ గుళ్లు తగిలి చావు తప్పించుకున్న మనిషికి ఆసుపత్రి అంటే హడలు. వాయిదా వేసి వేసి చివరికి టేబుల్ ఎక్కేసరికి లోపల పిత్తాశయం కుళ్లిపోయింది, తీస్తుంటేనే ముక్కలైంది.

ముప్పు చాలావరకు ఆపరేషన్‌లో కంటే ఆలస్యంలోనే ఉంటుంది. తేదీ అనుకుని, ఒంట్లో బాగున్నప్పుడు ల్యాప్రోస్కోపీ (పొట్ట తెరవకుండా చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) చేయించుకున్నవారిలో మరణాలు సుమారుగా వెయ్యికి ఒకటి. చీము పట్టాక, డెబ్బై దాటిన వయసులో, షుగరో గుండె జబ్బో ఉండగా హడావుడిగా చేయాల్సివస్తే ఆ లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఎంత అనుభవం ఉన్న సర్జన్‌కైనా టెన్షన్ పెట్టే చోటు ఒకటుంది. పిత్తాశయానికి వెళ్లే సన్నటి నాళానికీ, రక్తనాళానికీ క్లిప్పులు వేసి కత్తిరించాలి. ఆ పక్కనే కాలేయం నుంచి పేగుకు వెళ్లే ప్రధాన పైత్యరస నాళం ఉంటుంది. వాపుతో అన్నీ అతుక్కుపోతే దీన్నే చిన్న నాళం అనుకుని కోసే ప్రమాదం ఉంది. వెయ్యిమందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి ఈ నాళం దెబ్బతింటోంది. అందుకే 1995లో అమెరికా సర్జన్ స్ట్రాస్‌బర్గ్ ఒక నియమం పెట్టాడు: పిత్తాశయంలోకి రెండే రెండు గొట్టాలు వెళ్తున్నట్టు స్పష్టంగా కనబడితే తప్ప కత్తెర పెట్టకూడదు. కనబడకపోతే పొట్ట తెరవాలి, లేదా పిత్తాశయంలో కొంత భాగం వదిలేయాలి. ‘ల్యాప్రోస్కోపీ అని చెప్పి కోశారు’ అని బంధువులు గొడవ పడుతుంటారు గానీ, చాలాసార్లు పేషెంటును కాపాడేది ఆ నిర్ణయమే.

ఇంటికొచ్చాక రోజురోజుకూ తేలికపడాలి. నొప్పి పెరుగుతున్నా, పొట్ట ఉబ్బుతున్నా, జ్వరం వచ్చినా లోపల పైత్యరసం కారుతోందేమో చూడాలి. గ్యాస్ మాత్ర వేసుకుని కూర్చోకూడదు.

రాయి జారి ప్రధాన నాళంలో ఇరుక్కుంటే కథ వేరే. పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, చలిజ్వరం, కామెర్లు కలిసి వస్తాయి. ఈ మూడింటినీ 1877లోనే ఫ్రెంచి వైద్యుడు షార్కో గుర్తించాడు. మన దగ్గర కామెర్లు అనగానే పసరు మందుకు పరిగెత్తేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇరుక్కున్న రాయిని పసరు కదిలించలేదు. ఈలోగా ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. గొంతులోంచి గొట్టం పంపి రాయి తీసే ఈఆర్‌సీపీ ఇలాంటప్పుడు ప్రాణం నిలబెడుతుంది. ఆ పద్ధతి వల్ల కూడా కొందరికి క్లోమం (ప్యాంక్రియాస్) వాస్తుంది, అరుదుగా ప్రాణాలూ పోతాయి. కాబట్టి అవసరం ఖాయమైతేనే చేయాలి.

ఇక వేరే దేనికో స్కానింగ్ తీయిస్తే బయటపడే రాళ్లు. నొప్పే లేనివారిలో ఏడాదికి నూటికి ఒకరిద్దరికే ఇబ్బంది మొదలవుతుంది. చాలామంది విషయంలో వాటి జోలికి వెళ్లక్కర్లేదు. ఒక్కసారి నొప్పి వచ్చి తగ్గితే మాత్రం లెక్క మారుతుంది, అది మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. సర్జన్‌తో మాట్లాడి తేదీ ఖాయం చేసుకోవాల్సింది అప్పుడే.