అలిపిరి చీటీ, విమానాల మార్కులు

అలిపిరి టోల్‌గేటు దాటేటప్పుడు చీటీ మీద టైము వేసి ఇస్తారు. ఘాట్ రోడ్డులో రయ్యిమని పోయి గడువుకు ముందే కొండపైకి చేరామా, ఆ చీటీయే పట్టిస్తుంది. ‘నెమ్మదిగా వెళ్లండి’ అని ఎన్ని బోర్డులైనా పెట్టొచ్చు. డ్రైవరు యాక్సిలరేటరు మీద కాలు తీసేది మాత్రం పైన చీటీ చూసే మనిషి ఉన్నాడనే.

రేణిగుంటలో దిగే విమానానికీ బోర్డులున్నాయి. 1944లో షికాగోలో కుదిరిన అంతర్జాతీయ విమానయాన ఒప్పందానికి ఇప్పుడు 19 అనుబంధాలు. పైలట్ లైసెన్సు దగ్గర్నుంచి రన్‌వే మీద గీతల దాకా అన్నీ అందులోవే. ఒప్పందం బాధ్యత చూసేది ఐక్యరాజ్యసమితికి చెందిన ఐకావో, సభ్యదేశాలు 193. అయితే ఐకావో వాళ్లు వచ్చి ఏ విమానం రెక్కనూ తట్టి చూడరు. ఆ పని ఆయా దేశాలది, మన దగ్గర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏది. ఐకావో తనిఖీ చేసేది ఆ తనిఖీదారునే. చట్టం ఉందా, ఇన్‌స్పెక్టర్లు చాలినంత మంది ఉన్నారా, దొరికిన లోపాన్ని సరిచేయించారా అని.

అమెరికాకూ ఇలాంటి సొంత లెక్క ఒకటుంది. 2014 జనవరిలో అది మన రేటింగు తగ్గించింది. ఏ విమానమో కూలిందని కాదు, పర్యవేక్షణ చాల్లేదని. ఇన్‌స్పెక్టర్ల కొరత అందులో ముఖ్యమైనది. 2015 ఏప్రిల్‌లో రేటింగు తిరిగొచ్చేదాకా మన సంస్థలు అక్కడికి కొత్త సర్వీసులు వేసుకోలేకపోయాయి.

ఐకావో తనిఖీలో 2018లో మనకొచ్చింది 69.95 శాతం, 2022లో 85.65. మరి ప్రమాదాలూ ఆ మేరకు తగ్గినట్టేనా? అంత తేలిగ్గా చెప్పలేం. మంచి మార్కులొచ్చే దేశాలకు చాలావరకు డబ్బూ ఉంటుంది. కొత్త విమానాలు, మంచి రాడార్లు కొనుక్కుంటాయి. భద్రతలో ఏది దేని వాటానో విడదీయడం కష్టం. పైగా విమాన ప్రమాదాలు ఎంత అరుదంటే, ఒక్కటి జరిగినా ఆ ఏడాది లెక్కంతా తలకిందులవుతుంది.

నన్నడిగితే మొత్తం శాతం కన్నా విడి మార్కులు చూడటం నయం. ఇంటర్ మెమో చేతికొస్తే మనం చేసేది అదేగా! ఐకావో మెమోలో 8 సబ్జెక్టులు: చట్టాలు, సంస్థాగత నిర్మాణం, లైసెన్సులు, విమానాల నిర్వహణ, ఎగిరే యోగ్యత, విమానాశ్రయాలు, గగన మార్గ సేవలు, ప్రమాద దర్యాప్తు. లైసెన్సుల్లో వందకు వంద వచ్చిన దేశం దర్యాప్తులో తప్పి ఉండొచ్చు. సగటు ఆ సంగతి చెప్పదు.

దర్యాప్తు మార్కు మిగతావాటి కన్నా చిన్నదేం కాదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలి 260 మంది పోయారు. ప్రాథమిక నివేదిక జూలై 12న బయటికొచ్చింది. ఆ 30 రోజుల గడువు షికాగో ఒప్పందం పదమూడో అనుబంధంలోది.