డొమైన్ చివరి ముక్కను నమ్మొచ్చా? అపోహలు - వాస్తవాలు

డొమైన్లు, అంటే వెబ్‌సైట్ల పేర్లు రిజిస్టర్ చేసిపెట్టడం నా పని. ఆ పేర్ల చివర ఉండే డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి ముక్కల గురించి తరచూ వినిపించే మాటలివి.

అపోహ: డాట్ ఆర్గ్ అంటే సేవాసంస్థ.

వాస్తవం: డబ్బు కట్టిన ఎవరికైనా వస్తుంది. 1994లో ఇంటర్నెట్ తొలితరం నిపుణుడు జాన్ పోస్టెల్ డొమైన్ల గురించి రాసిన ఆర్ఎఫ్‌సీ 1591 పత్రంలోనే డాట్ ఆర్గ్ ఇంకెక్కడా ఇమడని సంస్థల కోసమని ఉంది. డాట్ నెట్ నెట్‌వర్కులు నడిపేవాళ్లకని కూడా అందులో రాశారు. ఆ మాట కాగితం మీదే మిగిలింది, అడిగే నాథుడు లేడు.

అపోహ: అసలు ఇలాంటి షరతులు ఎవరూ అమలు చేయలేరు.

వాస్తవం: గేటు దగ్గర కాగితాలు చూసే మనిషి ఉంటే చేయొచ్చు. ఒక కోచింగ్ సెంటర్ ఆయన "ఎంతైనా ఇస్తా, డాట్ ఈడీయూ ఇప్పించండి" అని నా వెంట పడ్డారు. కొత్తగా అడిగేవాళ్లలో అది అమెరికా గుర్తింపు ఉన్న ఉన్నత విద్యాసంస్థలకే ఇస్తారు. నేనేం చేయగలను? బ్రెగ్జిట్ తర్వాత 2021 జనవరిలో అర్హత పోయిన బ్రిటన్ వాళ్ల డాట్ ఈయూ (యూరోపియన్ యూనియన్) పేర్లు వేల సంఖ్యలో ఆపేశారు. మన దగ్గర బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లిచ్చే రిజిస్ట్రార్ ఒక్కటే, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న, రిజర్వు బ్యాంకు స్థాపించిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ. నాలాంటివాళ్లు అమ్మలేరు.

అమ్మకాల మీద బతికే రిజిస్ట్రీకి, అంటే ఒక చివరి ముక్క మొత్తాన్ని నడిపే సంస్థకు మాత్రం షరతు భారమే. డాక్టర్లు, లాయర్ల కోసమని మొదలైన డాట్ ప్రో 2015లో అందరికీ తలుపులు తీసింది.

అపోహ: గేటు గట్టిదైతే దొంగ లోపలికి రాడు.

వాస్తవం: 2019లో ఒకాయన అమెరికాలో చిన్న ఊరి మేయర్‌నని ఫారం నింపి, అక్కడి ప్రభుత్వ సంస్థలకే ఇచ్చే డాట్ గవ్ పేరే తెచ్చుకున్నాడు. తర్వాత తనిఖీ పెంచారు.

అపోహ: లింకులో బ్యాంక్ డాట్ ఇన్ కనిపిస్తే చాలు.

వాస్తవం: అసలు టెన్షన్ ఇక్కడే. మనకు ఇంటిపేరు ముందుంటుంది, డొమైన్‌కు చివర ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ పక్కనున్న రెండు ఏటవాలు గీతలు (//) వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమకు చదవండి. "మీ బ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ ఏదో డాట్ టాప్" అని ఉంటే, అది ఆ "ఏదో డాట్ టాప్" కొన్నవాడి సైటు. దానికి ఎడమవైపు ఏ పేరు తగిలించుకున్నా అడిగేవాళ్లుండరు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. చుక్క బదులు అడ్డగీత పెట్టి "బ్యాంక్-ఇన్ డాట్ కామ్" లాంటివి కొన్నా అంతే. ఐడీఆర్‌బీటీ గేటు ఎంత గట్టిదైనా, ఈ పేర్లు ఆ గేటు దాకా రావు కాబట్టి అక్కడ ఎవరూ ఆపలేరు. వాటి మీద ఫిర్యాదు చేయాల్సింది ఆ డాట్ టాప్, డాట్ కామ్ పేరు అమ్మిన రిజిస్ట్రార్‌కు. వాళ్లు కదిలేలోపు ఆ లింకులతో మోసపు ఎస్సెమ్మెస్‌లు జనానికి వెళ్లిపోయే ఉంటాయి.