మొక్క నాటాం సరే, మే నెలలో నీళ్ళెవరు పోస్తారు?

క్యాంపస్‌లో ఖాళీ జాగా ఉంది, హాస్టల్ పిల్లలకి ఉత్సాహముంది. అందరూ కలిసి కూరగాయల తోట వేసుకుంటే ఏం? శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ యూనివర్సిటీలోనైనా రాగల ప్రశ్నే. ఇక్కడి పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఆనప పాదు పెట్టడం, చిక్కుడు పందిరి వెయ్యడం ఒకరు నేర్పక్కర్లేదు. చిక్కంతా ఆ నేల ఎవరిది, ఎన్నాళ్ళు అన్న దగ్గరే.

మన కాలేజీల్లో మొక్కల పని ఎక్కువగా రెండు దారుల్లో వచ్చింది. 1950లో కేంద్ర మంత్రి కె.ఎం.మున్షీ మొదలుపెట్టిన వనమహోత్సవం ఒకటి, 1969లో 37 విశ్వవిద్యాలయాలతో మొదలైన ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) రెండోది. మొదటిది జూలైలో జరిగే పండగ. రెండోదానికి ఏడాదికి 120 గంటల సేవ, ఆపైన ఏడు రోజుల శిబిరం. గుంత తవ్వి, మొక్క నాటి, ఫొటో దిగడానికి ఈ లెక్క చాలు. వంగమడికి చాలదు. వేపమొక్కని రెండేళ్ళు కాస్తే ఆ తర్వాత దాని బతుకు అదే బతుకుతుంది. కూరగాయల మడిలో మాత్రం రోజూ ఎవరిదో ఒకరి చెయ్యి పడాలి.

ఇక నేల సంగతి. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం 1977 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం నుంచి పెరిగి, 2008లో సొంత యూనివర్సిటీ అయింది. అలా పెరిగే చోట ఇవాళ ఖాళీగా ఉన్న చెక్క రేపు ఏ బ్లాకుకి పోతుందో చెప్పలేం. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానిది ఇంకో తరహా కథ. 2014 విభజన చట్టంలో హామీ ఇచ్చారు, 2019లో కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టం సవరించారు, తరగతులు విజయనగరం దగ్గర కొండకరకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత క్యాంపస్‌లో పెట్టారు. శాశ్వత స్థలానికి ముందు కొత్తవలస మండలం రెల్లి అనుకున్నారు. చివరికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు. అద్దింటి పెరట్లో మామిడి మొక్క ఎవరు వేస్తారు?

ఈ తగువు మనకొక్కరికే లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1967లో, శాంటాక్రూజ్ క్యాంపస్‌లో అలన్ చాడ్విక్ అనే ఆంగ్లేయ తోటమాలి విద్యార్థులతో కలిసి ఓ ఏటవాలు నేలని తోట చేశాడు. అదే విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ఇళ్ళు కూల్చి వదిలేసిన స్థలంలో 1969లో విద్యార్థులు, ఊరివాళ్ళు గడ్డీ పూలమొక్కలూ నాటారు. మే 15న అధికారులు కంచె వేయించారు, గొడవ కాల్పుల దాకా వెళ్ళి ఒక యువకుడు చనిపోయాడు. శాంటాక్రూజ్‌లో చాడ్విక్ కొన్నేళ్ళకే వెళ్ళిపోయినా తోట నిలిచింది. విశ్వవిద్యాలయం దాన్ని చదువులో కలుపుకుంది మరి. అంత దూరం ఎందుకు, మన శ్రీకాకుళం జిల్లా నైరా వ్యవసాయ కళాశాలలో పొలం పని చదువులో భాగమే.

మిగతా క్యాంపస్‌లకి అసలు పరీక్ష వేసవి. సెమిస్టర్ పరీక్షలై హాస్టళ్ళు ఖాళీ అయ్యేది, మడికి నీళ్ళు ఎక్కువ కావలసిందీ అప్పుడే. కాబట్టి తోట అడిగేవాళ్ళు విత్తనాల కంటే ముందు కాగితం అడగాలి. ఏ చెక్క, ఎన్నేళ్ళు, బోరు కనెక్షన్ ఎక్కణ్ణుంచి, సెలవుల్లో మాలి కూలి ఏ పద్దు నుంచి అన్నది పాలకమండలి తీర్మానంలో ఉండాలి. కాసిన కాయ మెస్‌కి వెళ్తుందా, పనిచేసినవాళ్ళకా అన్నది కూడా అందులోనే రాయించుకోవాలి. మెస్‌కైతే నెల బిల్లులో ఎంత తగ్గిస్తారో కూడా.