డ్రమ్ అండ్ బేస్ చేస్తున్నానని గది తలుపులేసుకున్నవాళ్లకి: కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒక తండ్రి ఫోన్ చేశారు. నా దగ్గర మిక్సింగ్ నేర్చుకోడానికి వచ్చే కుర్రాడి నాన్న. కుర్రాడు చేసేది డ్రమ్ అండ్ బేస్, అంటే వేగంగా పరిగెత్తే డ్రమ్స్ అడుగున బరువుగా గుడగుడమనే బేస్ మోగే క్లబ్బు సంగీతం. "రాత్రి రెండింటిదాకా అదే గుడగుడ సార్. మా గోడలు అదురుతున్నాయి. వాడేమో బేస్ సరిపోవట్లేదు, నలభై వేలు పెట్టి ఇంకో సబ్‌వూఫర్ కొనమంటాడు. గదిలోంచి బయటికి రాడు. స్నేహితులు లేరు. అడిగితే, పెద్ద పెద్ద ప్రొడ్యూసర్లందరూ ఇలాగే ఒంటరిగా కూర్చుని పైకొచ్చారు నాన్నా అంటాడు. నిజమేనా?"

కాదండీ. ఏడాదికి ఐదారుగురి నోట వింటాను ఈ మాట. పిల్లలు అంటారు, వాళ్ల అమ్మానాన్నలు భయంభయంగా అడుగుతారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: డ్రమ్ అండ్ బేస్ ప్రొడ్యూసర్ అంటే గది, లాప్‌టాప్, ఏకాంతం.

మావాళ్లంతా ఆరాధించే రోని సైజ్ సంగతే చూద్దాం. 1969లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జమైకా నుంచి వలస వచ్చినవాళ్లు. పదహారేళ్లకి బడి నుంచి వెళ్లగొట్టారు. మన కుర్రాళ్లకి కథ ఇక్కడిదాకానే కావాలి: చదువు మానేశాడు, స్టార్ అయ్యాడు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చదవరు.

మధ్యలో జరిగింది ఇది. ఊళ్లో వైల్డ్ బంచ్ అనే సౌండ్ సిస్టమ్ బృందం పార్టీలు పెట్టేది. తర్వాత పేరు తెచ్చుకున్న మాసివ్ అటాక్ అనే సంగీత బృందం పుట్టింది అందులోంచే. రోని ఆ పార్టీలకి వెళ్లేవాడు. రెగే, హిప్‌హాప్, సోల్ అన్నీ అక్కడ మనిషంత ఎత్తు స్పీకర్ల ముందు నిలబడి విన్నవే. పాటలు తయారుచేసే యంత్రాలు ముట్టుకున్నది పేటలోని యూత్ క్లబ్బులో, బేస్‌మెంట్ ప్రాజెక్ట్ అనే చోట. అది అందరూ వచ్చిపోయే గది. తర్వాత క్రస్ట్, డై, సవ్ అనే ముగ్గురితో కలిసి ఫుల్ సైకిల్ లేబుల్ పెట్టాడు. 1997లో వచ్చిన న్యూ ఫార్మ్స్ ఆల్బమ్ మీద ఉన్న పేరు చూడండి: రోని సైజ్, పక్కనే రెప్రజెంట్. ఆ రెండో మాట ఒక గుంపు పేరు. ఓనలీ పాడింది, డైనమైట్ మైకు పట్టాడు, సై జాన్ డబుల్ బేస్ వాయించాడు, క్లైవ్ డీమర్ డ్రమ్స్ మీద కూర్చున్నాడు. ఆ ఏడాది మెర్క్యురీ ప్రైజ్ (బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కిచ్చే బహుమతి) పోటీలో రేడియోహెడ్, ప్రాడిజీ ఉండగా బహుమతి వీళ్లకొచ్చింది. వచ్చిన 25,000 పౌండ్లు రోని ఎవరికిచ్చాడో తెలుసా? ఆ బేస్‌మెంట్ ప్రాజెక్ట్‌కే.

గోల్డీ అనే ఇంకో ప్రొడ్యూసర్ కథ ఇంకా విడ్డూరం. గోడల మీద గ్రాఫిటీ బొమ్మలు వేసేవాడు. కెమిస్ట్రీ, స్టార్మ్ అనే ఇద్దరు అమ్మాయిలు లండన్‌లోని హెవెన్ క్లబ్బులో రేజ్ అనే రాత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఫాబియో, గ్రూవ్‌రైడర్ రికార్డులు తిప్పేవారు. ఆ రాత్రులే అతన్ని సంగీతంలోకి లాగాయి. 1995లో టైమ్‌లెస్ ఆల్బమ్ తెచ్చాడు. మొదటి ట్రాకే 21 నిమిషాలు. ఆలోచన, పట్టుదల అతనివి. యంత్రాల దగ్గర పని చాలావరకు రాబ్ ప్లేఫోర్డ్ అనే ఇంజినీరుది. ఈ మాట చెబితే మా కుర్రాళ్లు మొహం చిన్నబుచ్చుకుంటారు, ఏదో మోసం బయటపడ్డట్టు. మోసమేముంది ఇందులో? సినిమా పాటకి సంగీత దర్శకుడు వేరు, రికార్డింగ్ ఇంజినీరు వేరు అంటే ఒప్పుకుంటాం కదా!

ఒంటరితనంలో నష్టం మనసుకి మాత్రమే కాదు, చెవికి కూడా. ఇది నా డబ్బుతో, నా రెండేళ్లతో నేర్చుకున్నాను.

2011లో ఉద్యోగం మానేసి నిజాంపేటలో ఒక గది తీసుకున్నాను. పదకొండడుగుల గది. నట్టనడుమ బల్ల, కుర్చీ. రెండేళ్లలో నలభైమూడు ట్రాకులు మొదలుపెట్టాను. ఎవరికీ వినిపించలేదు. పూర్తయ్యాక వినిపిద్దాం అనుకునేవాణ్ని, పూర్తయ్యేవి కావు. ఎప్పుడు చూసినా కింద బేస్ పలచగా ఉన్నట్టే ఉండేది. పెంచేవాణ్ని. మర్నాడు మళ్లీ పలచగా ఉండేది. మళ్లీ పెంచేవాణ్ని.

చివరికి ఒక క్లబ్బులో అరగంట అవకాశం దొరికింది. మొదటి డ్రాప్, అంటే బేస్ ఒక్కసారిగా దిగే చోటు, పడగానే బల్ల మీద గ్లాసులు నడుచుకుంటూ పోయాయి. డ్రమ్స్‌లో స్నేర్ లేదు, హై హ్యాట్ తాళం లేదు, ఒకటే హోరు. సౌండ్ చూసే అబ్బాయి పరిగెత్తుకొచ్చి ఫేడర్ కిందికి లాగి, "అన్నా, కింద అంత పెట్టావేంటి?" అన్నాడు. ఆ మాట రెండేళ్ల ముందు ఎవరో ఒకరు నా గదిలోకి వచ్చి అని ఉండాల్సింది.

తర్వాత కొలిస్తే తెలిసింది. 50 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 22 అడుగులు. పదకొండడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య అది సరిగ్గా సగం ఇముడుతుంది. అలా ఇమిడినప్పుడు గోడల దగ్గర మోత పోటెత్తుతుంది, నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది. నా కుర్చీ నడిమధ్యలో ఉంది. మన సబ్‌బేస్, అంటే అన్నిటికన్నా అడుగున మోగే బేస్, ఎక్కువగా తిరిగేది 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్యనే. అంటే నా పాటలో ఏ స్వరం ప్రాణమో అదే నాకు వినపడటం లేదు. లేనిదాన్ని వెతుక్కుంటూ పెంచుకుంటూ పోయాను.

లండన్‌లో వాళ్లు ఈ గుంతలో పడకుండా కాపాడింది డబ్‌ప్లేట్, అంటే అచ్చు వేయించకముందు ఒక్కటే చెక్కించుకునే రికార్డు. ట్రాక్ చేసి, మ్యూజిక్ హౌస్ లాంటి చోట వరసలో నిలబడి ఒక్క ప్లేటు చెక్కించుకునేవాళ్లు. ఆ వరసలో పక్కన నిలబడ్డవాడూ ప్రొడ్యూసరే. ఆ ప్లేటు డీజే చేతికి వెళ్లేది. ఆదివారం రాత్రి హాక్స్‌టన్ స్క్వేర్‌లోని బ్లూ నోట్ క్లబ్బులో, గోల్డీ వాళ్ల మెటల్‌హెడ్జ్ రాత్రికి వచ్చిన జనం ముందు మోగేది. బేస్ ఎక్కువైతే అక్కడే తెలిసిపోతుంది, ఇంటికెళ్లి సరిచేసుకునేవాళ్లు. కొన్ని డజన్ల సార్లు తిప్పితే అరిగిపోయే ప్లేటుకి అంత డబ్బు పెట్టింది నలుగురి మధ్యలో వినడానికే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: లక్షల సామాను ఉంటేగానీ రాదు.

డ్రమ్ అండ్ బేస్ పుట్టిన జంగిల్ సంగీతం తొలిరోజుల్లో వాడిన అకాయ్ ఎస్950 శాంప్లర్‌తో (శబ్దం ముక్కల్ని దాచి వాయించే యంత్రం) కంపెనీ ఇచ్చిన మెమరీ ఒక మెగాబైటు కూడా లేదు. వాట్సాప్‌లో మీ బాబాయి పంపే గుడ్ మార్నింగ్ ఫొటోలు ఒక పది పట్టవు అందులో. ఈఎమ్ఐల మీద స్పీకర్లు కొనకండి, దయచేసి.

అపోహ: వేరేవాళ్ల పాటలోంచి ఆరేడు సెకన్లలోపు ముక్క వాడితే కాపీరైట్ రాదు.

ఎవరు పుట్టిస్తారో ఈ లెక్కలు! మన కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల మినహాయింపు లేదు. ఆమెన్ బ్రేక్ ఉందిగా అంటారు. 1969లో ది విన్‌స్టన్స్ బృందం చేసిన రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకన్ల డ్రమ్స్ అది. వేల పాటల్లోకి వెళ్లింది. కోల్‌మన్‌కి ఒక్క పైసా రాలేదు, 2006లో నిలువ నీడ లేని స్థితిలో చనిపోయాడు. బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి 2015లో అభిమానులే చందాలు వేసుకుని 24,000 పౌండ్లు ఇచ్చారు. వాళ్లు కోర్టుకి వెళ్లకపోవడం వేరు, మీకు హక్కు ఉండటం వేరు.

అపోహ: వేగం పెంచితే డ్రమ్ అండ్ బేస్ అయిపోతుంది.

నిమిషానికి 170, 175 బీట్లు అన్నది డ్రమ్స్ లెక్క. బేస్ అందులో సగం వేగంతో నడుస్తుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: కింద మొదటి కాలం, పైన రెండో కాలం. నడుము మొదటి కాలానికి ఊగుతుంది, కాళ్లు రెండో కాలానికి.

అపోహ: డప్పు లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే రికార్డు ముక్క) అతికిస్తే పాట మనదైపోతుంది.

లండన్ సంగీతకారుడు తల్విన్ సింగ్ లూప్ అతికించలేదు, ఏళ్ల తరబడి తబలా నేర్చుకున్నాడు. అదే బ్లూ నోట్‌లో సోమవారాలు అనోఖా అనే క్లబ్బు రాత్రి నడిపాడు, 1999లో మెర్క్యురీ ప్రైజ్ గెలిచాడు. డప్పు కావాలంటే డప్పు కొట్టే మనిషిని పిలవండి. ఆయనకి డబ్బులివ్వండి.

సరే, ఫోన్ చేసిన తండ్రి విషయం. ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అనుకున్నట్టే చిన్న గది, నడుమ కుర్చీ. ట్రాక్ పెట్టమన్నాను. కుర్రాడు మొహం మాడ్చి, "చూడండన్నా, బేస్ ఎంత పల్చగా ఉందో" అన్నాడు. వాళ్ల నాన్న ఎప్పటిలాగే గుమ్మంలో గోడకానుకుని నిలబడ్డారు. "ఇదిగో సార్, ఈ గుడగుడే" అన్నారు.

కుర్రాణ్ని లేపి వాళ్ల నాన్న పక్కన గోడ దగ్గర నిలబెట్టాను. ఆయన్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. అదే ట్రాక్ మళ్లీ.

"ఇక్కడేం లేదే!" అన్నారాయన. కుర్రాడు మాట్లాడలేదు. ఆర్నెల్లుగా రోజూ గుమ్మంలో నిలబడి నాన్న చెబుతున్నది తిట్టనుకున్నాడు పాపం.

బల్లని ముందు గోడ వైపు జరిపి, కుర్చీ ఆ గోడకి నాలుగడుగుల దూరంలో వేశాం. సబ్ ఆరు డెసిబెల్స్ తగ్గించాడు. సబ్‌వూఫర్ కొనలేదు. ఇప్పుడు ట్రాక్ అయిన ప్రతిసారీ వాళ్ల నాన్నని గుమ్మంలో నిలబెట్టి వినిపిస్తున్నాట్ట. ఆయన మాత్రం నాకు ఫోన్ చేసి, "సార్, పాటెప్పుడొస్తుంది ఇందులో?" అని అడుగుతున్నారు.